ముక్త్యాల రాయి – మూడు ప్రయోగాలు

ఈ ప్రసంగం రాసుకుంటున్నప్పుడు నా బల్ల మీద ఒక రాయి పెట్టుకున్నాను. గుప్పిట్లో పట్టేంత రాయి, బూడిద రంగు. ముక్త్యాల రోడ్డు పక్కన ఏ లారీలోంచో జారిపడి ఉంటే తెచ్చుకున్నాను. జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వైపు ఒక్కసారి వెళ్ళినవాళ్ళకైనా ఈ రాయి కొత్త కాదు. నట్టింట్లో గచ్చు ఈ జాతి రాయే. దొడ్డి చుట్టూ నిలబెట్టిన పలకలూ ఈ జాతి రాయే. ముక్త్యాలలో కేసీపీ వాళ్ళూ, జయంతిపురంలో రామ్‌కో వాళ్ళూ సిమెంటు కొలుములు పెట్టింది కూడా ఈ రాయిని చూసే. మేం చదువుకున్నప్పుడు కృష్ణా జిల్లా మెట్ట అనేవాళ్ళం. 2022 నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లా. పేరు మారింది గానీ నేల కింది సున్నపురాయి మారలేదు కదా.

నేను ఈ మెట్ట ప్రాంతంలోనే ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. ఇవాళ నాకిచ్చిన విషయం రసాయనశాస్త్ర ప్రాక్టికల్స్. అంటే ఇంటర్ పిల్లల నోట్లో నానే మూడు మాటలు: సాల్ట్, టైట్రేషన్, తటస్థీకరణోష్ణం. ఈ మూడింటినీ పుస్తకంలోంచి చెప్పను. ఈ రాయిని దగ్గర పెట్టుకుని చెబుతాను. మధ్యలో ఒక పిల్లవాడి రికార్డులో నేను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి.

ముందు సాల్ట్.

ప్రాక్టికల్ పరీక్ష రోజు ఉదయం ల్యాబు వరండాలో పిల్లల మొహాలు చూడాలి. తెల్లకోటు వేసుకుని, రికార్డు గుండెకి హత్తుకుని నిలబడతారు. లోపల చిన్న కాగితప్పొట్లంలో చిటికెడు తెల్లపొడి ఇస్తారు. అది ఏ లవణమో కనిపెట్టాలి. అందులో ఒక ఆనయాన్, ఒక కాటయాన్. రంగు చూడాలి, నీళ్ళలో కరుగుతుందో లేదో చూడాలి, సజల ఆమ్లం పోసి చూడాలి, మంటలో పెట్టి చూడాలి. ఆ తరవాత ఒకటో గ్రూపు నుంచి ఆరో గ్రూపు దాకా వరసగా వెతుక్కుంటూ పోవాలి. రెండో గ్రూపు దగ్గరికి వచ్చేసరికి ల్యాబంతా కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడు. ఆ వాసన పీల్చని కెమిస్ట్రీ విద్యార్థి మా రోజుల్లో లేడు.

ఇప్పుడు పొట్లంలో పొడి బదులు మన రాయిని తీసుకుందాం. చిన్న ముక్క నూరి టెస్ట్‌ట్యూబులో వేసి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు వేస్తే సుయ్యిమని పొంగుతుంది. పెనం మీద నీళ్ళు చిలకరించినట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ పెనమూ లేదు, మంటా లేదు. ఆ వచ్చే వాయువుని సున్నపుతేటలోకి పంపితే తేట పాలలా తెల్లబడుతుంది. కనక వాయువు కార్బన్ డయాక్సైడు, ఆనయాన్ కార్బొనేటు. ఇక పొడిని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తడిపి మంటలో పెడితే ఇటుక ఎరుపు కనిపిస్తుంది. అది కాల్షియం గుర్తు. ద్రావణానికి అమ్మోనియం ఆక్సలేటు కలిపితే తెల్లటి అవక్షేపం వచ్చి ఆ సంగతి రూఢి చేస్తుంది. కాల్షియం కార్బొనేటు. సాల్ట్ అయిపోయింది, మార్కులు వచ్చేశాయి.

అయిపోయిందా మరి? ఇక్కడే నా తప్పు చెప్పాలి.

ఒక ఏడాది సాల్టు పొట్లాలు అయిపోయాయి. కొత్త సరుకు ఇంకా రాలేదు. పిల్లలకి చెయ్యి తిరగాలి కదా అని, ఇంటి దగ్గర్నుంచి రాతిపొడి తెచ్చుకుని చెయ్యమన్నాను. ముక్త్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చే కుర్రవాడొకడు పొడి తెచ్చి, ఆమ్లంలో కరిగించి, వడగట్టి, గ్రూపుల వరస మొదలుపెట్టాడు. మూడో గ్రూపులో అమ్మోనియం క్లోరైడు, అమ్మోనియా ద్రావణం వేసేసరికి ట్యూబులో తుప్పు రంగు తునకలు కట్టాయి. వాడు అలాగే రికార్డులో రాశాడు: ‘మూడో గ్రూపులో ఎర్రటి గోధుమరంగు అవక్షేపం వచ్చింది’ అని. కింద అయిదో గ్రూపులో తెల్లటి అవక్షేపం, కాల్షియం.

నేను ఆ మూడో గ్రూపు వాక్యం మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీశాను. ‘కాల్షియం కార్బొనేటులో మూడో గ్రూపు రాదు. ట్యూబు సరిగ్గా కడగలేదు’ అని పక్కన రాశాను కూడా. వాడు ‘కడిగాను సార్’ అన్నాడు. ‘కడిగితే రాదు’ అన్నాను. ఇంకేమీ అనలేదు వాడు. రికార్డు తీసుకుని వెళ్ళి, కొత్త కాగితం మీద నేను చెప్పినట్టే తిరిగి రాసుకొచ్చాడు. పదికి పది వేశాను.

ఆ పది సంగతి చివర చెబుతాను. ముందు ఈ రాయి కథ ఇంకాస్త చెప్పాలి.

మన ప్రాంతం వాళ్ళకి ఈ రాయితో పరిచయం రెండు వేల ఏళ్ళకి తక్కువ కాదు. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు మీద బౌద్ధస్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించి చూశాడు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాన్ని పాలరాయి అంటుంటారు గానీ అది సున్నపురాయి. అమరావతి శిల్పాలూ అంతే. రసాయన భాషలో అదీ కాల్షియం కార్బొనేటే, నా బల్ల మీది రాయీ కాల్షియం కార్బొనేటే. ఆ సంగతి తెలిసినవాళ్ళ వల్లే ఒక నష్టం కూడా జరిగింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అమరావతి దిబ్బ బయటపడ్డాక శిల్పాలు చెక్కిన పలకలు చాలా వాటిని సున్నం కోసం కాల్చేశారు. కాల్చినవాళ్ళకి అది మంచి సున్నపురాయి, అంతే. సాల్ట్ అనాలిసిస్ వాళ్ళకీ వచ్చు అన్నమాట, కాకపోతే చూడాల్సినది ఇంకోటి కూడా ఉందని తోచలేదు.

ఆ కాలంలో ఈ సీమకి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. బేతవోలు అనే ఊరిని పెంచి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టింది ఆయనే. ఆ వాసిరెడ్డి వంశం వారే తరవాతి కాలపు ముక్త్యాల రాజా, రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు. నాగార్జునసాగర్ కావాలని పట్టుబట్టి తిరిగిన మనిషి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట రాతికట్టడం. అంత రాతిని అతికి ఉంచేదేమిటి? చివరికి ఈ జాతి సున్నపురాయిని కాల్చగా వచ్చిన పొడే.

ఇక రెండోది, టైట్రేషన్.

సాల్ట్ అనాలిసిస్ ‘ఏముంది’ అని అడుగుతుంది, టైట్రేషన్ ‘ఎంత ఉంది’ అని అడుగుతుంది. సిమెంటు వాళ్ళకి రాయిలో కాల్షియం కార్బొనేటు ఉందని చెబితే నవ్వుతారు. నూటికి ఎన్ని పాళ్ళు ఉందో చెప్పమంటారు. ఆ లెక్క మన ఇంటర్ ల్యాబులో ఉన్న బ్యూరెట్టుతోనే తేలుతుంది.

ఎలాగంటే, ఒక గ్రాము రాతిపొడి కచ్చితంగా తూచి ఫ్లాస్కులో వెయ్యాలి. ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25 మిల్లీలీటర్లు పిపెట్‌తో కొలిచి పొయ్యాలి. పొంగు తగ్గాక కాసేపు మరిగించాలి, లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడు పోవడానికి. చల్లారాక రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వెయ్యాలి. బ్యూరెట్టులో అర మోలార్ సోడియం హైడ్రాక్సైడు నింపి, రాయి తినగా మిగిలిన ఆమ్లం ఎంతో కొలవాలి. రాయి అచ్చంగా కాల్షియం కార్బొనేటే అయితే 20 మిల్లీలీటర్ల ఆమ్లం తింటుంది, అయిదు మిగులుతుంది, బ్యూరెట్టు 10 మిల్లీలీటర్ల దగ్గర ఆగుతుంది. రాయి 85 పాళ్ళదే అయితే 17 మాత్రమే తింటుంది, ఎనిమిది మిగులుతుంది, బ్యూరెట్టు 16 దాకా దిగుతుంది. చూశారా, రాయి ఎంత నాసి అయితే బ్యూరెట్టు అంత ఎక్కువ దిగుతుంది. దీన్నే బ్యాక్ టైట్రేషన్ అంటారు. బజారుకి వంద నోటు ఇచ్చి పంపిన పిల్లవాడు తెచ్చిన చిల్లర లెక్కపెట్టి, వాడు ఎంత ఖర్చుపెట్టాడో తెలుసుకున్నట్టు.

ఇందులో చూసి తీరాల్సిన క్షణం ఒకటి ఉంది. ఎడమచెయ్యి బ్యూరెట్టు కుళాయి మీద, కుడిచెయ్యి ఫ్లాస్కు మెడ మీద. ఫ్లాస్కు కింద తెల్లటి పింగాణీ పలక. చుక్క పడ్డచోట గులాబి రంగు మచ్చ పుడుతుంది, ఫ్లాస్కు తిప్పగానే మాయమవుతుంది. ఇంకో చుక్క, ఇంకో మచ్చ. మచ్చ మాయమవడం రానురాను ఆలస్యమవుతుంది. అప్పుడు ఊపిరి బిగబట్టి, బ్యూరెట్టు కొనకి వేలాడే సగం చుక్కని ఫ్లాస్కు అంచుకి తాకించి, కాసిని నీళ్ళతో కిందికి దింపుతారు. ఫ్లాస్కంతా లేత గులాబి. అర నిమిషం నిలిచిందా, అదే ఎండ్ పాయింట్. ఒక్క చుక్క ఎక్కువైతే రాణీ రంగు ఎక్కుతుంది, మళ్ళీ మొదలు. కాసేపాగి చూస్తే ఆ లేత గులాబి దానంతటదే వెలిసిపోతుంది. పిల్లలు కంగారుపడతారు. తప్పేమీ జరగలేదు, గాలిలోని కార్బన్ డయాక్సైడు కరిగి ఆ చిటికెడు క్షారాన్నీ తినేసింది, అంతే.

ఈ పరికరాల వెనక మనుషులున్నారు. బ్యూరెట్, పిపెట్ అనే పేర్లు ఫ్రాన్సు దేశపు గేలూసాక్ వాడుకలోకి తెచ్చినవి, రెండు వందల ఏళ్ళ కిందట. కిందనుంచి నొక్కి వదిలే బ్యూరెట్టుని ప్రచారం చేసి, 1855లో టైట్రేషన్ల మీద పెద్ద పుస్తకం రాసింది జర్మనీ దేశపు మోర్. మన పిల్లలు పర్మాంగనేటుతో టైట్రేట్ చేసే మోర్ లవణం ఆయన పేరిటిదే. ఫినాఫ్తలీన్‌ని తయారుచేసింది బేయర్, 1871లో.

మనవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య జి. గోపాలరావు గారు ఆక్సీకరణ, క్షయకరణ టైట్రేషన్లకి కొత్త కారకాలు, కొత్త పద్ధతులు కనిపెట్టి విదేశీ పత్రికల్లో ప్రచురించారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చాలామందికి మందుల వల్ల తెలుసు. కానీ ఆయన పేరు ప్రపంచ ల్యాబులకి ఎక్కింది మాత్రం ‘ఎంత ఉంది’ అనే ప్రశ్న వల్లే. సాల్ట్ అనాలిసిస్‌లో ఫాస్ఫేటుకి అమ్మోనియం మాలిబ్డేటు వేస్తే పసుపుపచ్చ అవక్షేపం వస్తుంది కదా. ఆ మాలిబ్డేటునే వాడి, నీలిరంగు తెప్పించి, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో చూసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ అంటారు. పిల్లలు పొట్లం విప్పి చేసే పరీక్షకీ, ఆయన చేసిన పనికీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

ల్యాబు లేని ఇంట్లో ఇండికేటర్ ఏది అంటారా? మీ వంటింట్లోనే ఉంది, పసుపు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పెళ్ళికూతురి కాళ్ళకి పెట్టే పారాణి అదే, దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అవే. అందులో నిమ్మకాయ పిండి చూడండి, మళ్ళీ పసుపు రంగే. ఆమ్లంలో పసుపుపచ్చ, క్షారంలో ఎరుపు. ఫినాఫ్తలీన్ రంగు మారే చోటికి దగ్గర్లోనే పసుపూ రంగు మారుతుంది. మన అమ్మమ్మలు దీన్ని టైట్రేషన్ అనలేదు గానీ, ఎర్రనీళ్ళకి సున్నం ఎంత వెయ్యాలో వాళ్ళకి రంగే చెప్పేది.

బావి నీళ్ళకీ ఇదే లెక్క. సున్నపురాయి నేలలో బావి నీళ్ళు కఠినంగా ఉంటాయి. కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగరాదు, నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ పొర గీకి దాని మీద చింతపండు రసం వెయ్యండి, సన్నగా బుడగలొస్తాయి. నా బల్ల మీది రాయే నీళ్ళలో కరిగి మీ గిన్నెలోకి వచ్చింది. కాఠిన్యం ఎంతో చెప్పడానికీ టైట్రేషనే. ఎడ్టా అనే కారకం బ్యూరెట్టులో పోసి, ద్రాక్ష ఎరుపు నీలంగా మారేదాకా చుక్కలు వదులుతారు. తాగే నీళ్ళలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదనీ, వేరే దిక్కు లేనిచోట 600 దాకా ఒప్పుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం. మీ ఊరి బావికి ఆ లెక్క కట్టగలిగిన పిల్లవాడు మీ ఊరి జూనియర్ కాలేజీలోనే ఉన్నాడు. ఎవరూ అడగరు కాబట్టి వాడూ చెయ్యడు.

మూడోది వేడి.

సంక్రాంతికి ముందు ఇళ్ళకి వెల్ల వేసే రోజులు గుర్తున్నవాళ్ళు ఈ ప్రయోగం చిన్నప్పుడే చూశారు. పెరట్లో పాత కాగులో కాల్చిన సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోసేవాళ్ళు. ముందు ఏమీ ఉండదు. తరవాత సన్నగా చిటపటమంటుంది. ఆ తరవాత కుతకుత ఉడుకుతూ ఆవిర్లు కక్కుతుంది. కింద పుల్ల నిప్పు లేదు. ‘దగ్గరికి రాకండిరా, కళ్ళు పోతాయి’ అని పెద్దవాళ్ళు కేకలేసేది ఊరికే కాదు. కిలో మంచి కాల్చిన సున్నం నీళ్ళతో కలిసినప్పుడు పుట్టే వేడి, సుమారుగా మూడున్నర నాలుగు లీటర్ల చన్నీళ్ళని మరిగే దాకా తీసుకెళ్ళగలదు. ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది? బట్టీలోంచి. వంద కిలోల అచ్చమైన సున్నపురాయిని 900 డిగ్రీల దాపుల్లో కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడుగా గాలిలో కలిసి 56 కిలోల సున్నం మిగులుతుంది. బట్టీ నిప్పు ఇచ్చిన వేడిలో కొంత సున్నంలో దాగి, నీళ్ళు తగలగానే బయటికొస్తుంది. గోడకెక్కిన వెల్ల మళ్ళీ గాలిలోని కార్బన్ డయాక్సైడుని మెల్లిగా పీల్చుకుని రాయవుతుంది. రాయి సున్నమై, సున్నం గోడకెక్కి మళ్ళీ రాయైంది.

అయితే ఇది తటస్థీకరణోష్ణం కాదు. అది ఆమ్లం, క్షారం కలిసినప్పుడు పుట్టే వేడి. దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. ఒక థర్మోకోల్ గ్లాసు, ఒక థర్మామీటరు చాలు. ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు, ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడు 50 మిల్లీలీటర్లు. రెండూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉండాలి. గబుక్కున కలిపి కలియతిప్పితే పాదరసం 30 దగ్గర్నుంచి 36.8 దాకా ఎక్కుతుంది. గాజు బీకరులో చేస్తే కాస్త తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే గాజు తన వాటా తను తినేస్తుంది.

ఇక్కడ పిల్లల్ని నేనొక ప్రశ్న అడిగేవాణ్ణి. 50కి బదులు రెండూ 100 చొప్పున పోస్తే పాదరసం ఎంత ఎక్కుతుంది? క్లాసంతా ఒక్కగొంతుతో ‘పదమూడున్నర’ అనేది. చేసి చూడమనేవాణ్ణి. మళ్ళీ ఆరున్నర, ఏడు మధ్యే. వేడి రెండింతలు పుట్టిన మాట నిజమే గానీ, ఆ వేడిని పంచుకునే నీళ్ళూ రెండింతలయ్యాయి. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అని ఏడాదంతా బోర్డు మీద చెప్పినా ఎక్కనిది, ఆ ఒక్క గ్లాసు దగ్గర ఎక్కేది.

ఆ లెక్క కడితే ఒక మోల్‌కి 57 కిలోజౌల్స్ వస్తుంది. పాత పుస్తకాల్లో 13.7 కిలోక్యాలరీలు అని ఉంటుంది, రెండూ ఒకటే. విశేషమేమిటంటే, హైడ్రోక్లోరిక్ బదులు నైట్రిక్ ఆమ్లం పోసినా, సోడియం బదులు పొటాషియం హైడ్రాక్సైడు పోసినా అంకె దాదాపు కదలదు. ఎవరు ఎవరితో కలిసినా, లోపల జరిగేది హైడ్రోజన్ అయాను హైడ్రాక్సిల్‌తో కలిసి నీరవడమే. మిగతావాళ్ళు పెళ్ళికొచ్చిన చుట్టాలు. వినిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంతో చేస్తే మటుకు కాస్త తగ్గుతుంది, అది బలహీనమైన ఆమ్లం కాబట్టి తన అయాన్లని విడదీసుకోవడానికి కొంత ఖర్చుపెడుతుంది.

ఇంట్లో పిల్లలకి ఒక చిన్న పని చెప్పండి. గ్లాసులో నిమ్మరసం పిండి చెంచాడు వంటసోడా వేసి, గ్లాసు పట్టుకోమనండి. పొంగుతుంది, అయినా గ్లాసు చల్లబడుతుంది. ఆమ్లం, క్షారగుణం ఉన్నది కలిస్తే వేడెక్కాలి కదా, ఇదెందుకు చల్లబడింది అని వాళ్ళే మిమ్మల్ని అడుగుతారు. సోడాలోంచి కార్బన్ డయాక్సైడుని బయటికి తరమడానికి ఆ చర్య చుట్టూ ఉన్న వేడినే తీసుకుంటుంది. సమాధానం మీకు తెలియకపోయినా ఫరవాలేదు. పిల్లలకి ప్రశ్న పుట్టింది, చాలు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట.

ఇంటర్ రెండో ఏడాది కెమిస్ట్రీ ప్రాక్టికల్‌కి 30 మార్కులు. ఆ ముప్ఫై ఎలాగూ వస్తాయని పిల్లలకీ తెలుసు, తల్లిదండ్రులకీ తెలుసు. ఈఏపీసెట్ అనండి, నీట్ అనండి, ప్రవేశ పరీక్షల్లో బ్యూరెట్టు పట్టమనరు. కనక ఏడాదంతా ల్యాబు తాళం వేసి ఉన్న కాలేజీలున్నాయి. పరీక్షకి పది రోజుల ముందు తలుపు తీసి దుమ్ము దులుపుతారు. రికార్డు ఒకరు రాస్తే నలభైమంది ఎక్కిస్తారు. టైట్రేషన్ విలువలు ముందే తెలుసు కాబట్టి మూడు రీడింగులూ అచ్చుగుద్దినట్టు ఒకటే వస్తాయి. సాల్ట్ ఏమిటో అటెండర్ కనుసైగతో తెలుస్తుంది. నేను ఒక కాలేజీకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్ళినప్పుడు ఒక అమ్మాయి సాల్ట్ పేరు చక్కగా రాసింది. ‘మంటలో ఏం రంగు వచ్చిందమ్మా’ అని అడిగితే, ‘యాపిల్ గ్రీన్ సార్’ అంది. ఆమె బల్ల మీద దీపం ఇంకా వెలిగించలేదు.

ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. చూడకుండా రాయడం తనకి మేమే నేర్పాం.

పాత రోజులన్నీ బంగారమని కూడా అననులెండి. మేం చదువుకున్నప్పుడు పిపెట్‌ని నోటితో పీల్చేవాళ్ళం. ఒకసారి నా నోటినిండా సోడియం హైడ్రాక్సైడు వచ్చింది. నాలుక సబ్బులా జారిపోయింది, రెండు రోజులు కారం తినలేకపోయాను. ఇప్పుడు రబ్బరు బల్బులున్నాయి, పిల్లలకి అవే ఇవ్వాలి. కళ్ళకి అద్దాలు, గాలి ఆడే గది, కుళాయిలో నీళ్ళు. ఇవి లేని ల్యాబుని ల్యాబు అనకూడదు.

ఇక ఆ పది మార్కుల సంగతి.

కొన్నేళ్ళ తరవాత పిల్లల్ని ఒక సిమెంటు ఫ్యాక్టరీ చూడ్డానికి తీసుకెళ్ళాను. కొలిమి చూశాం. లోపల 1450 డిగ్రీల దాకా వేడి, పక్కన నిలబడితే మొహం కాలిపోతున్నట్టుంటుంది. తరవాత వాళ్ళ ల్యాబుకి వెళ్ళాం. ఎక్స్‌రేలతో క్షణాల్లో లెక్క చెప్పే యంత్రం ఒక పక్కనుంటే, రెండో పక్క బల్ల మీద మన బ్యూరెట్లే వరసగా నిలబడి ఉన్నాయి. గోడకి ఒక బోర్డు. దాని మీద రోజూ రాసే నాలుగు అంకెలు: కాల్షియం ఆక్సైడు, సిలికా, అల్యూమినా, ఐరన్ ఆక్సైడు. మా పిల్లల్లో ఒకడు అక్కడి కెమిస్టుని అడిగాడు, ‘సున్నపురాయిలో ఇనుము ఎందుకుంటుంది సార్’ అని. ఆయన నవ్వి, ‘ఈ ప్రాంతపు రాయిలో మట్టి కలిసి ఉంటుంది బాబూ, మట్టితోపాటు ఇనుము. అది లేకపోతే సిమెంటు ఈ బూడిద రంగులో ఉండదు, తెల్లగా ఉంటుంది. ఇంత తేలిగ్గా కాలదు కూడా’ అన్నాడు.

నాకు ఆ ఎర్ర సిరా గీత కళ్ళముందు కదిలింది. ఇనుము ఉన్న రాయిని ఆమ్లంలో కరిగించి అమ్మోనియా వేస్తే మూడో గ్రూపులో ఫెర్రిక్ హైడ్రాక్సైడు వస్తుంది, తుప్పు రంగులో. ఇంటర్ పిల్లలకి నేను ఏటా చెప్పే పాఠమే అది. ఆ కుర్రవాడు ట్యూబు కడిగాడు. వాడు చూసింది నిజం, రాసింది నిజం. సిమెంటు బూడిద రంగులో ఎందుకుంటుందో వాడు పదహారేళ్ళ వయసులో టెస్ట్‌ట్యూబులో పట్టుకున్నాడు. నేను పొట్లంలో వచ్చే శుద్ధమైన సాల్టుకి అలవాటుపడి, ఊళ్ళో రాయిని నమ్మలేదు. వాడు నన్ను నమ్మి, తను చూసినదాన్ని కొట్టేసుకున్నాడు. ఆ కొట్టేసుకున్నందుకు నేను పదికి పది వేశాను.

వాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. ఈ ప్రసంగం వింటుంటే, బాబూ, నీ మొదటి కాగితమే సరైనది.

ఇక శ్రోతలకి, ముఖ్యంగా ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ వైపు మాస్టర్లకీ తల్లిదండ్రులకీ నా మనవి. ఈ ఏడు ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరికి రాకముందే ఒక్కసారి మీ కాలేజీ ల్యాబు తలుపు తీయించండి. పొట్లంలో సాల్టుతోపాటు ఊరి రాయి, ఊరి బావి నీళ్ళు కూడా పిల్లల ముందు పెట్టండి. రికార్డులో విలువలు మూడూ ఒకేలా ఉంటే అనుమానించండి. తేడాగా ఉంటే, ‘మళ్ళీ చెయ్యి, ఏం కనిపిస్తే అదే రాయి’ అని చెప్పండి. గీత గీసే ముందు ఆ ట్యూబుని ఒక్కసారి వెలుతురులోకి ఎత్తి మీరూ చూడండి.